గిట్ట చూసే మనము అరికాలు చూసుకోవద్దా?

(సహకార వారోత్సవాల సందర్భములో కామవరపుకోటలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశములో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడాది నవంబరు 14 నుండి 20 వరకు అఖిల భారత సహకార వారోత్సవాలు జరుపుకుంటున్నాము. ఈ వారములో ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడంటే వాటా ధనము, రిజర్వు నిధి, పాత బకాయిలు, ఆడిట్ అభ్యంతరాలు వినక తప్పదని మీకు తెలుసు. ఈరోజు వాటి జోలికి పోము. నవంబరు 14కు ఇంకొక విశేషము కూడా ఉన్నది. 1921లో ఇన్సులిన్ కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. అందుచేత 1991 నుండి ఆ తేదీని ప్రపంచ మధుమేహ దినముగా పాటిస్తున్నారు. సహకారము, చక్కెర జబ్బు ఒకే తేదీన కలిశాయి. మా విషయములో ఆ రెండూ చాలా ఏళ్ళుగా కలిసే కాపురము చేస్తున్నాయి. ఎప్పుడూ మీ పుస్తకాలు మేము తిరగేస్తాము. ఈ ఒక్కసారి మా పుస్తకము మీ ముందు తెరుస్తున్నాము. అది మా కాళ్ళ పుస్తకము.

మాది కాళ్ళ మీద నడిచే ఉద్యోగము. సహకార డిప్లొమా పట్టుకొని చేరిన నాటి నుండి ఈ మెట్ట గ్రామాలు, తాడేపల్లిగూడెం వైపు కాలువ గట్లు, కొల్లేరు లంకలు తిరుగుతూనే ఉన్నాము. నలభై అయిదు దాటాక చక్కెర జబ్బు బయటపడింది. మాత్రలు వేసుకున్నాము, కొన్నాళ్ళు మానుకున్నాము, మళ్ళీ వేసుకున్నాము. కొన్నేళ్ళకు రాత్రిపూట అరికాళ్ళు మంటలెత్తడము మొదలయింది. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు ఉండేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాళ్ళము. మందుల షాపులో అడిగి బలము మాత్రలు తెచ్చుకొని మింగాము. ఏడాది గడిచేసరికి మంట దానంతట అదే తగ్గింది. మాత్రలు పనిచేశాయని సంతోషించాము.

అక్కడే మోసపోయాము. మంట తగ్గినది నరము బాగుపడి కాదు. కబురు చెప్పే మనిషే చచ్చిపోతే ఇల్లు నిశ్శబ్దముగా ఉంటుంది. మా కాళ్ళలో జరిగినది అదే.

ఒకసారి కొల్లేరు పక్క ఊళ్ళో చేపల చెరువు గట్టు మీద సంఘము అధ్యక్షుల వారితో మాట్లాడుతూ నడుస్తున్నాము. వెనక నుండి ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, "ఇనస్పెక్టరు గారూ, మీ చెప్పండీ" అని చేతికిచ్చాడు. ఎడమకాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో మాకు తెలియదు. అందరమూ నవ్వుకున్నాము. అది నవ్వవలసిన సంగతి కాదని తెలుసుకోవడానికి మాకు ఒక వేలు ఖర్చయింది.

అది ఏప్రిల్ నెల. ఈ చుట్టుపక్కలే మూడు సంఘాలు తనిఖీ చేసి, సాయంత్రము ఇంటికి చేరి, స్నానము చేసి భోజనానికి కూర్చున్నాము. మా ఇంటావిడ వడ్డిస్తూ ఆగి, "ఏమండీ, గచ్చు మీద ఈ నెత్తురు ఎవరిదండీ?" అన్నది. చూస్తే పెరటి గుమ్మము నుండి పీట దాకా అడుగడుగునా మరక ఉన్నది. ఎడమ అరికాలిలో, రెండవ వేలు మొదట్లో చిల్లు. చెప్పు తిరగేస్తే అట్టలో నుండి చీల మొన పైకి పొడుచుకొని ఉన్నది. పొద్దున నుండి దాని మీదే నడిచాము. మూడు ఊళ్ళు తిరిగాము, మూడు చిట్టాలు చూశాము. ఎక్కడా "అబ్బా" అనలేదు.

నొప్పి లేదు కనుక చిన్నదే అనుకున్నాము. పసుపు పెట్టి గుడ్డ కట్టాము. ఉద్యోగానికి సెలవు పెట్టలేదు. పదో రోజున పాదము వాచి, వాసన వచ్చింది. అప్పుడు ఆసుపత్రికి పోతే చీము ఎముక దాకా పోయిందన్నారు. రెండవ వేలు తీసివేశారు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. డాక్టరు గారు ఒక్క మాట అడిగారు: "ఎంతకాలమైంది అరికాలు చూసుకొని?" మా దగ్గర జవాబు లేదు. నెల రోజులు నగదు పుస్తకము వ్రాయని కార్యదర్శికి నోటీసు ఇచ్చిన చేతులు మావి. మా అరికాలు మూడేళ్ళుగా తనిఖీకి నోచుకోలేదు.

నరము చేసే పని

వెన్నెముక నుండి కాలివేళ్ళ కొసల దాకా పోయే నరము ఒంట్లోకెల్లా పొడుగైనది, సుమారు మీటరు. కాలువ చివరి పొలానికి నీరు అందనట్లే, ఒంట్లో తేడా వచ్చినప్పుడు ముందుగా దెబ్బ తినేది ఈ పొడుగు నరాల చివరలే. అందుకే జబ్బు రెండు పాదాల వేళ్ళ దగ్గరా ఇంచుమించు ఒకేసారి మొదలై, మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది. కొందరికి మంట, కొందరికి తిమ్మిరి, కొందరికి దూది మీద నడిచినట్లు ఉంటుంది. కొందరికి ఏమీ తెలియదు. ఆ కొందరిదే అందరికంటే ప్రమాదము.

నరము నొప్పి ఒక్కటే చెప్పదు. చెమట పోయించేదీ అదే. అది చెడితే అరికాలు ఎండి పగుళ్ళు తీస్తుంది. పాదము నేల మీద ఎక్కడ ఆనినదో చెప్పేదీ అదే. మొన్న పిల్లలతో జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలకు వెళ్ళాము. ఎక్కడము ఎక్కాము. దిగేటప్పుడు ప్రతి మెట్టూ కంటితో చూసి కాలు వేయవలసి వచ్చింది. మొహము కడుగుతూ కళ్ళు మూసుకుంటే తూలేవాళ్ళు, చీకట్లో పెరట్లోకి పోయి పడిపోయేవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, అది ముసలితనమని కొట్టివేయకండి. ఒకసారి కాళ్ళు పరీక్ష చేయించండి.

కారణాలలో ఎక్కువగా కనబడేది చక్కెర జబ్బు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో వెలువడినప్పుడు, మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని లెక్క తేలింది. మద్యము, మూత్రపిండాల జబ్బు, కుష్ఠు, కొన్ని మందులు, కొన్ని పురుగుమందుల విషము కూడా నరాన్ని చెరుపుతాయి. చర్మము మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోవద్దు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితముగా ఇస్తారు, జబ్బు పూర్తిగా నయమవుతుంది. ఇక మనకు సంబంధించిన కారణము ఇంకొకటి, బి12 విటమిన్ లోటు. దాని సంగతి తరువాత చెబుతాము.

నొప్పి విలువ

రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1946 నుండి అక్కడ పనిచేసిన పాల్ బ్రాండ్ అనే శస్త్ర వైద్యుడు కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయా అని వెతికాడు. ఆ జబ్బు వేళ్ళను తినేస్తుందని అప్పటిదాకా అందరి నమ్మకము. ఆయన తేల్చినది వేరు. జబ్బు నరాన్ని చంపుతుంది. ఆ తరువాత నిప్పు, మేకు, రాయి, కరుకు చెప్పు కలిసి కాలును చంపుతాయి. నొప్పి తెలియదు కనుక మనిషి అడ్డుపడడు. రాత్రి పడుకున్నప్పుడు బాగున్న వేలు తెల్లవారేసరికి గాయపడి ఉంటే కాపలా కాచి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి! అప్పటి నుండి రోగులకు పిల్లులను ఇచ్చి పంపేవారట.

ఆయనే ఒకసారి ప్రయాణపు బడలికలో తన మడమలో స్పర్శ లేదని గమనించి, సూది గుచ్చుకున్నాడు. నొప్పి తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందని రాత్రంతా నిద్ర పోలేదు. తెల్లవారి మళ్ళీ గుచ్చుకుంటే చురుక్కుమన్నది. ఆ నొప్పికి ఆనందముతో కేక వేశాడు. తరువాతి కాలములో ఆయన అమెరికాకు వెళ్ళి, చక్కెర జబ్బు వారి పాదాలకు కూడా ఇదే సూత్రమని చెప్పాడు. తెలియని కాలును కంటితో కాపాడుకోవాలి.

మెత్తని రబ్బరు అట్ట వేసిన ఎం.సి.ఆర్. చెప్పులు స్పర్శ లేని కాళ్ళ కోసము వచ్చినవే. వాటిని వేసుకోవడానికి మేము ఆరు నెలలు సిగ్గుపడ్డాము. పెద్దరోగము చెప్పులని ఎవరైనా అనుకుంటారేమోనని భయము. చూడండి, వేలు పోయినా సిగ్గు పోలేదు.

పాలకు, నరానికి బంధుత్వము

బి12 విటమిన్ లేనిదే నరము మీది పొర నిలవదు. ఈ విటమిన్‌ను ఏ మొక్కా తయారు చేయదు. గేదె కూడా స్వయముగా చేయదు. గేదె నెమరు వేసే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు, మేతతో పాటు వచ్చిన కోబాల్టు అనే ఖనిజముతో దీనిని తయారు చేస్తాయి. అది పాలలోకి దిగుతుంది. పావు లీటరు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. పెద్ద మనిషికి రోజుకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. చేపలు, మాంసము, గుడ్లు తినేవారికి అక్కడా దొరుకుతుంది. శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగే ఆధారము.

ఇక్కడ మనవారి కథ ఒకటి. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, డిగ్రీకి బదులు తక్కువ స్థాయి వైద్య డిప్లొమాతో మద్రాసు నుండి బయటపడ్డారు. డిప్లొమా వాళ్ళము కనుక ఆ మాట మాకు ప్రత్యేకముగా గుర్తుంటుంది. అమెరికాలో ఆయన నాయకత్వములోని బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసింది. రక్తహీనతకు అది గొప్ప మందు. అయితే ఒకరకము రక్తహీనతలో రక్తము బాగుపడినా నరాలు చెడిపోతూనే ఉండేవి. ఆ నరాలను కాపాడే బి12 వేరుగా 1948లో దొరికింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. ఇందులో మనకు పాఠమేమంటే, బి12 లోటు ఉన్నవారు ఫోలిక్ మాత్రలు మాత్రమే మింగితే రక్తము మెరుగుపడినట్లు కనబడి, లోపల నరము చెడుతూ ఉంటుంది. ఏ లోటో పరీక్షలో తేల్చుకోవాలి.

చక్కెర జబ్బుకు చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అది మంచి మందు, మానవద్దు. బి12 పరీక్ష చేయించమని డాక్టరు గారిని మీరే అడగండి. లోటు ఉంటే సూదిమందో మాత్రో ఇస్తారు. త్వరగా పట్టుకుంటే ఈ రకము తిమ్మిరి తగ్గుతుంది.

మా తనిఖీలలో చూసిన మాట ఒకటి చెప్పాలి. రెండు పూటలా ఎనిమిది లీటర్లు పోసే ఇంట్లో, టీకి పావు లీటరు ఉంచుకొని మిగిలినదంతా కేంద్రానికి తెచ్చేవారున్నారు. పాల బిల్లు అవసరము మాకు తెలియనిది కాదు. అయినా ఇంట్లో పెద్దవాళ్ళకు, పాలు పితికే ఆడవారికి మనిషికొక గ్లాసు ఉంచుకొని మిగిలినవి పోయండి. సంఘము మీ కోసము, మీరు సంఘము కోసము ఎండిపోవద్దు. పాలు తాగితే చక్కెర జబ్బు నరము బాగవుతుందని మాత్రము మేము అనడము లేదు. ఆ నరము ఒకసారి పోతే చాలావరకు తిరిగి రాదు. చక్కెరను అదుపులో ఉంచుకుంటే మిగిలినది నిలుస్తుంది. రాత్రి మంటలకు డాక్టర్లు ఇచ్చే మందులు వేరే ఉన్నాయి. ఒళ్ళు నొప్పుల మాత్రలు ఆ మంటకు పెద్దగా పనిచేయవు, ఎక్కువ వాడితే మూత్రపిండాలు చెడతాయి.

ఇక్కడే చేయదగిన పరీక్ష

2011లో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు సూదీ యంత్రమూ లేని పరీక్ష ఒకటి ప్రకటించారు. మనిషి కళ్ళు మూసుకోవాలి. రెండవవారు చూపుడువేలితో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకాలి. నొక్కకూడదు, గిచ్చకూడదు. తాకినప్పుడల్లా కుడియో ఎడమో చెప్పాలి. మొత్తము ఆరు తాకుళ్ళు. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే పాదము ప్రమాదములో ఉన్నట్లు. ఆలస్యము చేయక డాక్టరు వద్దకు పోవాలి.

ఈ రాత్రి ఇంట్లో ఒకరికొకరు చేసుకోండి. భార్య పాదాలు భర్త ముట్టుకోవడమేమిటని కొందరు నవ్వుతారు. గాలికుంటు వచ్చిన గేదె కాలు ఒళ్ళో పెట్టుకొని, గిట్టల సందున పుండు వెతికి, పర్మాంగనేటు నీళ్ళతో కడిగే చేతులే కదా ఇవి! గేదె కుంటితే ఊరంతా చూస్తుంది. స్పర్శ లేని మనిషి కుంటడు. అందుకే అతని కాలు ఎవరూ చూడరు.

రోజువారీ తనిఖీ

మా ఇంట్లో అమలు చేస్తున్న పద్దులు ఇవి.

1. రాత్రి పడుకునే ముందు దీపము కింద రెండు పాదాలు, వేళ్ళ సందులతో సహా చూడాలి. వంగలేనివారు కింద అద్దము పెట్టుకోవాలి. కంటిచూపు తక్కువైతే పిల్లలచేత చూపించుకోవాలి.

2. గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. నీటి వేడిని కాలితో చూడకూడదు. మోచేతితో గాని, ఇంకొకరి చేతితో గాని చూడాలి. పగుళ్ళకు కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ళ సందుల్లో మాత్రము వద్దు.

3. తిమ్మిరి పోతుందని వేడినీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టడము, ఇటుక కాపడము, చలిమంట దగ్గర అరికాళ్ళు కాచుకోవడము మానాలి. ఒక సభ్యురాలు కాపడముతోనే మడమ కాల్చుకొని, రెండు నెలలు పాలు పితకలేకపోయింది.

4. వట్టి కాళ్ళతో నడవకూడదు, ఇంట్లో కూడా. పశువుల పాకలో, మకాములో బూట్లు గాని, వెనక పట్టీ ఉన్న చెప్పులు గాని వేసుకోవాలి. గేదె కాలు తొక్కితే నొప్పి లేకపోయినా చూసుకోవాలి. ఆయిలు పామ్ తోటలో మట్ట ముళ్ళు, కొల్లేరు చెరువుల్లో గుల్లలు తెలియని కాలికి కత్తులతో సమానము.

5. చెప్పులో కాలు పెట్టే ముందు దులిపి, లోపల చేతితో తడిమి చూడాలి. అట్ట కింద చీలలు కొట్టినవి కొనవద్దు.

6. ద్వారకా తిరుమల వంటి క్షేత్రాలకు పోయేవారు ఎండ ఎక్కకముందే దర్శనము చేసుకోవాలి. చెప్పులు విడిచిన చోటు నుండి మందపాటి మేజోళ్ళతో నడవవచ్చు. మధ్యాహ్నపు బండల మీద అరికాలు బొబ్బలెక్కినా మనకు తెలియదు.

7. ఆనెలు బ్లేడుతో కోయవద్దు. గోళ్ళు అడ్డముగా తీయాలి. పొగాకు మన మెట్ట పంటే అయినా, చుట్ట, బీడీ, సిగరెట్టు కాలికి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి.

ఎరుపు, వాపు, వేడి, చీము, నలుపు, వాసన, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పసుపు, సున్నము, ఆకు పసరు వద్దు. నొప్పి లేదు గదా అనే మాట మాత్రము అనుకోవద్దు. ఆ మాటకు మేము చెల్లించిన ధర చెప్పాము.

సంఘాలకు ఒక మనవి. పాలలో నీళ్ళు నాలుకతో తేల్చము. లాక్టోమీటరు ముంచుతాము, నమూనా తీస్తాము, చీటీ ఇస్తాము. పాదానికి కూడా నమ్మకము చాలదు, తనిఖీ కావాలి. ప్రతి పాల కేంద్రములో ఒక చిన్న అద్దము గోడకు తగిలించండి. నెలకొకసారి బిల్లులు పంచే రోజున, చక్కెర జబ్బు ఉన్న సభ్యులకు ఆరు తాకుళ్ళ పరీక్ష చేయించండి. దీనికి తీర్మానము అవసరము లేదు, నిధుల మంజూరు అవసరము లేదు. దీని మీద మేము ఆడిట్ అభ్యంతరము రాయము.

రోజు ముగిసేసరికి చిట్టాలో ముగింపు నిల్వ వేయనిదే కార్యదర్శి ఇంటికి పోకూడదని మేము అంటూ ఉంటాము. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి మా ఇంటావిడ దీపము తెచ్చి, ముందు మా కాళ్ళు చూస్తుంది. తరువాత ఆమె కాళ్ళు మేము చూస్తాము. మా కాళ్ళకు పదికి తొమ్మిది వేళ్ళున్నాయి. ముగింపు నిల్వ తొమ్మిది. తెల్లవారితే ప్రారంభపు నిల్వ కూడా తొమ్మిదే ఉండాలని మా ప్రయత్నము. మీ పుస్తకాలలో పది ఉన్నాయి. ఆ పదీ పదిగానే ఉంచుకోండి.